దాగలి దాకా

చర్చిలో మొదటి గంట కొట్టారు. సమ్మయ్య మంచం దిగలేదు.

ఆదివారం ఆ ఇంట్లో తెల్లవారేదే ఆయన కేకతో. గంట కంటే ముందే స్నానం ముగించి, మడత నలగని కోటు తొడుక్కుని, బైబిలు చంకన పెట్టుకుని వాకిట్లో నిలబడి "ఇంకెంతసేపు?" అని తొందరపెట్టేవాడు. సంఘ పెద్దల్లో అందరికంటే ముందు వెళ్లి చర్చి కిటికీలు తెరిచేది ఆయనే. ఒళ్లు కాలుతున్నా, గోదావరి పొంగి దారి మునిగినా ఆ కిటికీలు ఆయన చేతుల మీదుగానే తెరుచుకున్నాయి.

ఇవాళ బనీనుతో, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. కోడలు పెట్టిన చాయ మీద మీగడ కట్టింది. రాత్రి పెట్టిన అన్నం కూడా మూత తీయకుండానే ఉంది.

వంటింట్లో మొగుడూ పెళ్లాల మధ్య గుసగుసగా యుద్ధం నడుస్తోంది.

"ముందుగాల దాన్ని ఆ కిటికిల కెల్లి తియ్యి," అన్నాడు యేసుదాసు.

"తీస్తే కోపం పోతదా?"

"కండ్ల ముందట లేకుంటే జర చల్లవడతడు."

"నాకైతే గట్ల అనిపిస్తలేదు," అంది ఎలీసబెతు. "మామ దానిదిక్కు ఒక్కసారి గూడ చూస్తలేడు. కోపం దాని మీద కాదు."

ముందు గది కిటికీలో ఆ ఇనుప కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. జానెడు ఎత్తుంటుంది. పాత బండి చక్రపు ఇనుమును సాగగొట్టి తీసిన మెడ, రెండు రేకులు మడిచిన రెక్కలు. గోదావరి ఒడ్డున నీళ్లలోకి చూస్తూ కదలకుండా నిలబడే కొంగల్ని ఎలీసబెతు ఎన్ని సాయంత్రాలు చూసిందో, ఆ మెడ వంపు చూస్తే తెలుస్తుంది. కొంగ ఓ పక్కకి ఒరిగింది, అది నిజమే. అయినా కొంగ అని ఎవరూ చెప్పనక్కర్లేదు.

నిన్న సాయంత్రం ఇంటి ప్రార్థనకు వచ్చిన సాయవ్వకూ ఎవరూ చెప్పలేదు. కీర్తన పాడుతూ పాడుతూనే ఆమె కళ్లు కిటికీ మీదికి పోయాయి. పాట అయీ కాకుండానే అడిగేసింది: "కొంగ మస్తుగున్నది టీచరమ్మా, ఏడ కొన్నవ్?"

"కొనలే అవ్వా. నేనే చేసిన. కమ్మరి హనుమండ్లు కొలిమిల."

అందులో గర్వం లేదంటే అబద్ధం. వచ్చిన వాళ్లంతా తలలు తిప్పి కొంగను, తర్వాత ఎలీసబెతు చేతుల్ని చూశారు. బైబిలు తెరిచి వాక్యం చదవబోతున్న సమ్మయ్య ఆగిపోయాడు. పుస్తకం మూశాడు. లేచి లోపలికి వెళ్లిపోయాడు. ప్రార్థన ఎవరు ముగించారో, ఎవరు ముందు చెప్పులేసుకున్నారో ఎలీసబెతుకు గుర్తు లేదు.

"నీకు చెప్పిన కద, బాపుకు ఎరుక కావొద్దని," అన్నాడు యేసుదాసు.

"ఎందుకో చెప్పలే నువ్వు."

యేసుదాసు రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. నెమ్మదైన మనిషి. పెళ్లాం కొలిమికి పోతోందని మొదటి రోజు నుంచీ తెలుసు. వద్దనలేదు, పొమ్మనలేదు. ఇప్పుడు గోడకున్న సున్నం గీకుతూ అన్నాడు:

"నాకూ ఎరుక లేదు. బాపు ఆ కొలిమి తొవ్వల నడువడు. గోదారికి పోవాలన్నా టేషను దిక్కు చుట్టు తిరిగి పోతడు. నా చిన్నప్పటి కెల్లి గంతే."

"ఎందుకని అడగలేదా నువ్వు?"

"బాపును ఎవలడుగుతరు?"

ఎలీసబెతు ఆశ్చర్యంగా చూసింది. చిన్నప్పటి నుంచీ కళ్లెదుట ఉన్న ప్రశ్నను ఒక మనిషి ఒక్కసారైనా అడగకుండా ఎలా ఉండగలడు? ఆమెకు అది ఎప్పటికీ అర్థం కాదు. బడిలో పిల్లలు ఎందుకని అడిగితే పాఠం ఆపేసి మరీ వాళ్ల వెంట పోయే టీచరు ఆమె.

"సరే, నువ్వొకటి చెప్పు," అన్నాడు యేసుదాసు. "ఆడికి పోతే నీకేం దొరుకుతది? పొగ, మసి. నిన్ను చూసి మీ బడి పెద్ద పంతులు గూడ నవ్వుతుండట."

ఏం దొరుకుతుంది? ఎలీసబెతు ఆ ప్రశ్నను తననే చాలాసార్లు అడుక్కుంది.

వానాకాలంలో బడి బావి గిలక కొక్కెం విరిగితే బాగుచేయించడానికి వెళ్లింది. అంతే, అలా మొదలైంది. నల్లటి కొక్కెం నిప్పుల్లోకి పోయి మోదుగుపువ్వు రంగుతో బయటికొచ్చింది. హనుమండ్లు పెళ్లాం శంకరవ్వ సమ్మెట ఎత్తి వేస్తే జొన్నపిండి ముద్దలా పక్కకు జరిగింది. హనుమండ్లు ఆడదాని చేతికి అంత బరువైన సమ్మెట ఇచ్చి తాను చిన్న సుత్తెతో ఎక్కడ కొట్టాలో చూపిస్తున్నాడు. మొగుడి సుత్తె టక్కుమనగానే పెళ్లాం సమ్మెట ధన్‌మంటోంది. మాటా మంతీ లేదు. ఎలీసబెతు కొక్కెం సంగతి మరిచిపోయింది. "నేనొక్క దెబ్బ కొట్టి చూడొచ్చునా?" అని అడిగేసింది. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మొన్న లారీ కమాను ముక్క ఉండె," అంది భర్తతో. "ఎర్రగ చేసి నీళ్లల్ల ముంచి కొడితే గాజు లెక్క పలిగింది. బండి ఇనుము గట్లనే ముంచితే పలగలే, వంగింది. రెండూ ఇనుమే కద. ఎందుకు గట్ల? హనుమండ్లన్నను అడిగితే 'మా బాపు గట్లనే చేసిండు' అన్నడు. మన బడి పుస్తకాలల్ల చూసిన. లేదు. నాకు రెండు రోజులు నిద్ర పట్టలే."

"చూసి రావొచ్చు కద. నువ్వు కొట్టుడెందుకు?"

"చూస్తే తెల్వది. కొడితే సుత్తె చెప్తది చేతికి."

యేసుదాసు నవ్వు ఆపుకున్నాడు. అంతలో రెండో గంట మోగింది. నవ్వు పోయింది.

"బాపుకు జ్వరమని చెప్త," అన్నాడు చొక్కా వేసుకుంటూ.

"జ్వరమని చెప్పకు."

"మరేమని చెప్పాలె?"

"రాలేదని చెప్పు. అది నిజమే కద."

అతను తండ్రి మంచం ముందు నుంచి, దొంగలా, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

*

ఎలీసబెతు చేటలో కందిపప్పు పోసుకుని వచ్చి గడప మీద కూర్చుంది. ఏరాల్సిన రాళ్లేమీ లేవు. అయినా ఏరింది.

"మామా, తిట్టాలనుంటే తిట్టు."

సమ్మయ్య చాయను ఇంకాస్త దూరం జరిపాడు.

"గోదార్ల పారేయమంటే ఆ కొంగను ఇప్పుడే పోయి పారేస్త."

"పక్షేం చేసింది?" అన్నాడు సమ్మయ్య. గొంతు బొంగురుపోయింది. "దాన్ని పారేసుడెందుకు?"

నిన్నటి నుంచి అవే మొదటి మాటలు. ఎలీసబెతు చేట పక్కన పెట్టింది.

"మరి ఎందుకు తినవు? ఎందుకు గుడికి పోవు?"

"ఎందుకు, ఎందుకు. కరీంనగర్ బోర్డింగుల నీకు గిదొక్కటే నేర్పిండ్రా?"

ఆ మాటలో వెక్కిరింపు ఉంది కానీ వేడి లేదు. ఎలీసబెతు కరీంనగర్ మిషను బోర్డింగులో పెరిగింది. వాళ్ల బాపు మిషను బడి పంతులు. ఇంట్లో నాగలి లేదు, ఎడ్లు లేవు. ఏ పనిముట్టూ పట్టుకుని ఎవరి గడప ముందూ నిలబడే అవసరం ఆ ఇంటికి రాలేదు.

చర్చిలో పాట మొదలైంది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఒక చరణం వినిపించి, మళ్లీ ఆగిపోతోంది.

"నైజాం సర్కారు నాటి మాట," అన్నాడు సమ్మయ్య. "పోలీసు యాక్షన్ కాలే. మంచిర్యాల గింత లేదు. నేను దొర దగ్గర జీతమున్న. వాన పడ్డదంటే కర్రులు సాగదీపియ్యాలె. నాగండ్లు ఎన్నుంటే గన్ని కర్రులు. మూట గట్టి నెత్తి మీద ఎత్తుకొని నేనే పోయేది."

"హనుమండ్లు కొలిమికేనా?"

"వాళ్ల నాయినది. గదే కొలిమి. గదే జాగ. నేను పోయి మూట నేల మీద పెట్టి దూరం జరగాలె. వాళ్లు నీళ్లు చల్లి తీసుకోవాలె. పని అయినంక మల్ల నేల మీదికి ఇసురుతరు. సల్లారేదాక కూసోని ఎత్తుకొని వచ్చుడు. గది నడిచింది. గది అందరికి నడిచింది. దానికి నేను ఏడువలే."

సమ్మయ్య అరచేతులు విప్పి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. వాటి మీది చర్మం అక్కడక్కడా గీతల్లేకుండా నున్నగా మెరుస్తుంది. ఎలీసబెతు ఆ చేతుల్ని ప్రార్థనలో రోజూ చూస్తుంది. నాగలి పట్టిన చేతులు కదా, అనుకుంది ఇన్నాళ్లూ.

"ఒకనాడు వాన దంచి కొట్టింది. జర పందిరి కిందికి జరిగిన. లోపటికి పోలే. పందిరి కిందికే. వాళ్ల నాయిన చూసిండు. చూసి, దాగలి మీదున్న కర్రును పట్కారుతోని తీసి బురదలకు ఇసిరేసిండు. 'ఎత్తుకొని నడువు' అన్నడు. ఇంక ఎర్రదనం పోలే. బురద సుయ్యిమన్నది. ఆగుదమంటే 'నడువు' అంటుండు. తలరుమాలు తీసి చుట్టి ఎత్తిన. రుమాలు కాలింది. అటెన్క చేతులు."

"హనుమండ్లన్న?"

"తిత్తి ఊదుతుండె. మీసం రాలే వానికి. నవ్విండా అంటే నవ్వలే. నాదిక్కు చూసుకుంట ఊదుతనే ఉన్నడు. నవ్వినా బాగుండు, తిట్టుకుంటుంటి."

ఎలీసబెతు ఆ అరచేతులనే చూసింది. క్షమించమని అడగాలా? దేనికి? తెలియనందుకా?

"నువ్వేమో ఆడికి ఆడుకునేటందుకు పోతున్నవ్," అన్నాడు సమ్మయ్య. "నాకు నొచ్చింది అది. కొలిమికి పోవుడు గాదు. అది నీకు ఆట అయిందని."

"ఆట కాదు మామా."

"మరేంది?"

ఎలీసబెతు తన అరచేతుల్లోని బొబ్బల్ని చూసుకుంది. ఆటే కావచ్చు.

సమ్మయ్య మొదటిసారి కిటికీ వైపు చూశాడు. కొంగను ముక్కు నుంచి కాలి దాకా నిదానంగా చూశాడు. చూస్తూనే అడిగాడు:

"దేని మీద కొట్టినవ్ దీన్ని?"

"అంటే?"

"వాళ్ల దాగలి మీదనేనా? దసరాకు బొట్టు పెట్టి మొక్కుతరే, ఆ దాగలి మీద కొట్టనిచ్చిండ్రా నిన్ను?"

"లేదు, నాకు వేరే..."

మాట సగంలో ఆగింది.

కొలిమి లోపల నేలలో పాతిన మొద్దు మీద నల్లగా, నున్నగా ఉండే ఇనుప దిమ్మె దాగలి. హనుమండ్లు, శంకరవ్వ పనిచేసేది దాని మీదే. ఆమెకు మాత్రం ముందున్న పందిరి కింద ఒక రైలు పట్టా ముక్క ఉంది. మొద్దుకు మేకులు కొట్టి హనుమండ్లే బిగించి పెట్టాడు. ఆ రోజు ఎంత సంబరపడిందో! 'నా కోసమే తయారుచేసిండు' అని యేసుదాసుకు చెప్పుకుంది. ఇనుము లోపల కాల్చి, పట్కారుతో బయటికి తెచ్చి ఆ పట్టా మీద పెట్టేవాళ్లు. ఆమె పందిరి లోపలి గుంజలు దాటి కొలిమిలోకి అడుగు పెట్టలేదు. చీరకు నిప్పు అంటుకుంటుందని జాగ్రత్త పడుతున్నారనుకుంది. నేర్చుకునే వాళ్ల చోటు అదేననుకుంది. రైలు పట్టా వీపు గుండ్రంగా ఉంటుంది. దాని మీద ఏది కొట్టినా ఓ పక్కకి ఒరుగుతుంది. కొంగ ఒరిగింది అందుకే.

"నాకు వేరే పట్టా ముక్క పెట్టిండ్రు," అంది నెమ్మదిగా. "బయట. పందిరి కింద."

సమ్మయ్య నవ్వాడు. ముసలి దగ్గులాంటి చిన్న నవ్వు.

"నాకు నేల పెట్టిండ్రు, నీకు రైలు పట్టా పెట్టిండ్రు. కాలం మారింది బిడ్డా."

ఎలీసబెతు లేచి నిలబడింది. కోపం వచ్చిందా అంటే, అది వెనకాల ఎక్కడో ఉంది. ముందు వచ్చింది వేరే. నిప్పు రంగులు కనిపెట్టింది, కమానుకూ బండి ఇనుముకూ తేడా కనిపెట్టింది. కాళ్ల కింద ఉన్నది ఎలా కనిపెట్టలేదు? ఇది తను అనుకున్నట్టేనా, లేక మామ గాయం తనతో అలా చూపిస్తోందా? వాళ్లనే అడిగితే తప్ప తెలియదు.

"యాడికి?" అన్నాడు సమ్మయ్య.

"అడిగొస్త."

ఆయన వద్దనలేదు.

*

చర్చి కోసం కట్టుకున్న తెల్లచీరతోనే వెళ్లింది. కొలిమి చప్పుడు వీధి మలుపు నుంచే వినిపిస్తోంది. టక్కు, ధన్. టక్కు, ధన్.

శంకరవ్వ ఆమెను చూసి సమ్మెట దించింది. ఎప్పటిలాగే మొహమంతా నవ్వింది. "ఏంది టీచరమ్మా, గుడి వదిలిండ్రా అప్పుడే? రెక్క ఇయ్యాల చేద్దమా, తోక చేద్దమా?"

పందిరి కింద రైలు పట్టా ముక్క మెరుస్తోంది. దాని పక్కన ఆమె సుత్తె. ఎలీసబెతు వాటి దగ్గరికి పోలేదు. లోపలి గుంజ దగ్గర నిలబడింది.

"అక్కా, ఒక మాట అడుగుత. నన్ను బయట ఎందుకు పెట్టిండ్రు?"

"బయటేంది?"

"ఈ పట్టా మీద. దాగలి మీద ఎందుకు కొట్టనియ్యలే?"

శంకరవ్వ మొగుడి వైపు చూసింది. హనుమండ్లు నిప్పులు ఎగదోస్తున్నాడు.

"కొత్తగ నేర్చెటోళ్లకు గదే మంచిది," అంది శంకరవ్వ. "దాగలి కాడ నిప్పు మస్తు..."

"మొన్న ఇచ్చోడ నుంచి మీ చుట్టం వచ్చిండు కద. ఎన్నడు సుత్తె పట్టలేదని నువ్వే అన్నవ్. లోపట దాగలి మీద ఉత్తగనే టింగు టింగున కొట్టుకుంట కూసున్నడు."

శంకరవ్వ సమ్మెట గోడకు ఆనించింది. కొంగుతో మెడ తుడుచుకుంది. చాలా మామూలుగా, కూర ధర చెప్పినట్టు చెప్పింది: "మీరు యేసు గుడి పెట్టుకున్నా, మీ వాడ మీ వాడనే కద టీచరమ్మా. మా కులపోళ్లు చూస్తే ఊకుంటరా? నీకు నేర్పాలె, మాకు మాట రావద్దు. గట్లని ఈన ఆలోచన చేసి పట్టా తెచ్చిండు. నువ్వంటే ఇష్టం లేకుంటే తెచ్చుండునా?"

ఇష్టం లేకుంటే తెచ్చుండునా! ఎలీసబెతు ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసింది. అబద్ధం కాదు అది. అదే వింత. శంకరవ్వ ఆమె బొబ్బలకు ఆముదం రాసింది, సమ్మెట ఎత్తేటప్పుడు నడుము ఎలా నిలపాలో చెయ్యి వేసి నేర్పింది. అదంతా నిజం. పందిరి గుంజ కూడా నిజం.

"నాకెందుకు చెప్పలే అన్నా?" అంది హనుమండ్లుతో.

హనుమండ్లు తల ఎత్తాడు. మాటలు తక్కువ మనిషి. కళ్లెప్పుడూ నిప్పుల మీదే ఉంటాయి కాబట్టి మనుషుల్ని చూసేటప్పుడు రెప్పలు సగం దించి చూస్తాడు.

"నువ్వడగలే."

"నేనడగలేదా?"

"అన్నీ అడుగుతవ్. ఇనుము ఎందుకు ఎర్రగయితది, నీళ్లు ఎందుకు సుయ్యిమంటయ్, బొగ్గు ఏ చెట్టుది. గిదొక్కటి అడగలే. ఎరుకనే అనుకున్న. ఎరుకుండి ఒప్పుకొని వస్తుందనుకున్న."

ఆ మాట సూటిగా తగిలింది. ఎరుకుండి ఒప్పుకుంది! ఇన్నాళ్లూ వీళ్లు తనను అలా చూశారన్నమాట.

"మా మామ చెప్పిండు," అంది. "సమ్మయ్య. వాన పడుతుంటే ఈ పందిరి కిందికి జరిగిండట. నీకు యాదికున్నదా?"

"ఏ వాన?" అన్నాడు హనుమండ్లు. చాలా తొందరగా అన్నాడు.

"ఏంది?" అంది శంకరవ్వ. "ఏమైంది వానల?"

"ఏం లేదు. ఊదు నువ్వు."

శంకరవ్వ తిత్తి తాడు పట్టుకుంది. లాగలేదు.

"ఏమైందో చెప్పు."

"ఊదమంటున్న."

"నువ్వు చెప్పినంకనే ఊదుత."

నిప్పుల మీద బూడిద పొర కమ్మడం మొదలైంది. హనుమండ్లు పెళ్లాన్ని చూశాడు, గుంజ దగ్గరున్న టీచరమ్మను చూశాడు. ఏమీ చెప్పలేదు. ఆ చెప్పకపోవడంలోనే శంకరవ్వకు సగం అర్థమైనట్టుంది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ మనిషి పక్కన నిలబడి సమ్మెట వేస్తోంది. ఇలాంటి మౌనం ఆమె అతని దగ్గర ఎన్నిసార్లు చూసిందో.

"ఈ దాగలి మీద నేను కొడితేనే ఈ ఇంట్ల అన్నం," అంది తనలో తను. తాడు వదిలేసి ఒక పక్కకు జరిగింది. దాగలి ముందు తను నిలబడే చోటు ఖాళీ అయింది. "రా టీచరమ్మా. ఇటు రా. నా సమ్మెట తీసుకో. దీని మీద ఒక్క దెబ్బ కొట్టు. ఎవడొచ్చి ఏమంటడో నేను చూస్త."

"శంకరీ," అన్నాడు హనుమండ్లు.

"రా అంటున్న!"

దాగలి అక్కడే ఉంది, నాలుగడుగుల్లో. చదునైన వీపు, ఒక పక్క కొమ్ములా సన్నబడిన కొస. మెడలు వంచడానికి, గుండ్రాలు తిప్పడానికి ఆ కొస ఎంత బాగుంటుందో పందిరి కింది నుంచి ఎన్నిసార్లు చూసి లొట్టలు వేసిందో. సుత్తె దాని మీద పడితే ఎలా వెనక్కి లేస్తుంది? రైలు పట్టా మీద దెబ్బ చచ్చినట్టు పడుతుంది. దాగలి సుత్తెను తిరిగి చేతికిస్తుందని శంకరవ్వ చెప్పింది. ఎలీసబెతు అరచెయ్యి ఆ సంగతి తెలుసుకోవాలని దురద పెట్టింది. సిగ్గేసింది, అయినా కాలు కదిలింది. చెప్పు విడిచి గుంజ లోపలికి ఒక పాదం పెట్టింది. నేల వెచ్చగా ఉంది.

"హనుమండ్లూ!"

పిలుపు వీధిలోంచి వచ్చింది.

సమ్మయ్య కోటు వేసుకున్నాడు. గుండీలన్నీ పెట్టుకున్నాడు. తలకు రుమాలు చుట్టుకున్నాడు. ఎంతో కాలంగా నడవని ఆ దారిలో నడిచి వచ్చి, పందిరి నీడ ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడ, ఎండలో నిలబడ్డాడు.

హనుమండ్లు కూర్చున్న చోటు నుంచి సగం లేచాడు. పట్కారు చేతిలోనే ఉంది. ఆ పేరుతో ఆయన నోటి నుంచి పిలుపు వినడం అతనికి ఇదే మొదలై ఉంటుంది. ఆనాడు ఆయన ఈ ఇంట్లో మీసం రాని పిల్లవాణ్ని కూడా 'అయ్యా' అనే పిలవాలి.

"పెద్దయ్యా," అన్నాడు హనుమండ్లు తడబడుతూ. "ఎండల నిలవడ్డవ్. లోపటికి రా. రా, లోపటికొచ్చి కూసో."

శంకరవ్వ ఉలిక్కిపడి మొగుణ్ని చూసింది. ఎలీసబెతుకు గుండె తేలికైంది. అనేశాడు. ఇంత సులువా?

"లోపటికి వచ్చేటందుకు రాలే," అన్నాడు సమ్మయ్య. "నీ లోపలతోని నాకేం పని? నువ్వు బయటికి రా."

ఎలీసబెతు పాదం ఇంకా గుంజ లోపలే ఉంది. ఒక చెప్పు వేసుకుని, ఒకటి విడిచి, తను ఏ పక్క ఉందో ఆమెకే తెలియడం లేదు. దాగలి వైపు ఒకసారి చూసింది. తర్వాత పాదం వెనక్కి తీసుకుని, చెప్పు తొడుక్కుని, వెళ్లి మామ పక్కన ఎండలో నిలబడింది.

సమ్మయ్య ఆమె వైపు తిరగలేదు. కొంచెం జరిగి చోటిచ్చాడు.

హనుమండ్లు పట్కారు కింద పెట్టాడు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు. నిప్పును వదిలి, దాగలిని దాటి, పందిరి కిందికి వచ్చాడు. నడుస్తున్న హనుమండ్లును ఆమె చూడటం ఇదే మొదలు. ఎప్పుడూ కూర్చునే చూసింది. కొద్దిగా కుంటుతున్నాడు. రైలు పట్టా ముక్క దాటి, బయటి గుంజ పట్టుకుని ఆగిపోయాడు.

"చెప్పు పెద్దయ్యా. ఇంటున్న."

"ఇంకొక్క అడుగు," అన్నాడు సమ్మయ్య.

ఎదురింటి వడ్రంగి కైలాసం, హనుమండ్లు కులం వాడే, బాడిసె చేత్తో పట్టుకునే గడపలోకి వచ్చి నిలబడ్డాడు. అతని వెనక ఇంకో మొహం, ఆ పక్కింటి అరుగు మీద ఇద్దరు. ఆదివారం పొద్దున వీధికి వేరే పని లేదు.

హనుమండ్లు కైలాసాన్ని చూశాడు. ఎండలో పక్కపక్కన నిలబడ్డ మామనూ కోడల్నీ చూశాడు. అతని వేళ్లు గుంజ చుట్టూ బిగుసుకున్నాయి.

"గీ మాట కోసమేనా ఆయన వచ్చింది?" అన్నాడు కైలాసం అటు నుంచి. "హనుమండ్లూ, నిన్ను పిలుస్తుండు ఆయన. ఏం చేస్తవ్?"

లోపల, ఎవరూ చెప్పకుండానే, శంకరవ్వ మొగుడి కాళ్ల వంకే చూస్తూ తిత్తి లాగడం మొదలుపెట్టింది.